పన్నెండయ్యేదాకా

పదకొండు గంటలకు తలుపు లాగేసుకున్నాను. ఈ గదికి రెండు తలుపులు, ఒకదాని వెనక ఒకటి, రెండూ జానెడు మందం, రెండోది మూసుకున్నప్పుడు నీళ్లలో మునిగినట్టు చెవుల్లో చిన్న ఒత్తిడి తెలుస్తుంది, ఆ తర్వాత ఇక ఆసుపత్రి ఉండదు, క్యాంటీన్ ఉండదు. నాక్కావలసింది అదే. పదిన్నర నుంచి క్యాంటీన్ వాడు ఉల్లిపాయలు వేయిస్తున్నాడు, ఆ వాసన మెట్లెక్కి, వరండా దాటి, చెవి విభాగం బోర్డు చదువుకుని మరీ వచ్చి నా బల్ల మీద కూర్చుంది. ఈ పూట వినికిడి పరీక్షలు లేవు, మిషన్ సరిచూసే ఇంజనీరు పన్నెండు దాటాక వస్తాడు, అప్పటిదాకా నన్నెవరూ పిలవరు. ఫోను సొరుగులో పడేశాను, అది తెరిస్తే చాలు ఎవరో ఒకరు ఏదో ఒకటి వండుతూ కనిపిస్తారు. చేతికి గడియారం ఉంది. నిన్న రాత్రి ఎనిమిదికి ఆఖరి మెతుకు, ఈ మధ్యాహ్నం పన్నెండుకి మొదటి మెతుకు, మధ్యలో పదహారు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ లేదు, అందులో పదిహేను గడిచాయి. ఏనుగు వెళ్లి తోక చిక్కింది. ఏనుగు అనే మాట నా గురించి నేను వాడుకోవచ్చు, ఇంకెవరైనా వాడితే ఊరుకోను.

పేషెంట్లు కూర్చునే కుర్చీకి చేతులున్నాయి. వాటి మధ్య నేను పట్టను. ఈ గదిలో పదకొండేళ్లుగా చెవులు పరీక్ష చేస్తున్నాను, ఒక్కసారి సరదాపడి కూర్చున్నాను, లేచినప్పుడు కుర్చీ కూడా నాతోపాటే లేచింది. అందుకే బయటి నుంచి స్టూలు తెచ్చుకుని, ఖాళీ కుర్చీకి ఎదురుగా, మోకాళ్లు దానికి తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ట్యూబ్‌లైటు సన్నగా ఝుమ్మంటుంటే అది కూడా ఆర్పేశాను. గోడకున్న చిన్న కిటికీ అద్దంలోంచి అరచేతంత వెలుతురు వచ్చి కుర్చీ సీటు మీద పడుతోంది. నూట పదకొండు కిలోలు. ఆహారం సంగతి చూసే డాక్టరమ్మ, గాలేస్తే పడిపోయేలా ఉండే మనిషి, నన్ను ఒక్కసారిగా పదహారులోకి తోసెయ్యలేదు. మొదట పన్నెండు గంటలు, అది పడుకుని లేస్తే అయిపోతుంది. తర్వాత పద్నాలుగు, సాయంత్రం ఆరుకే తినేస్తే సరిపోయింది. ఇప్పుడు నాలుగు రోజులుగా పదహారు. తల తిరిగితే ఆపెయ్యమంది, చేతులు వణికితే ఆపెయ్యమంది, కోపం వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. మొదటి రోజు ఒకావిడ ఎడమ చెవి పనిచెయ్యడం లేదని ఆవిణ్ణే కసిరాను, తర్వాత వరండాలో వెతుక్కుంటూ వెళ్లి క్షమించమన్నాను.

ఇదంతా అందం కోసమైతే ఎప్పుడో మానేసేదాన్ని. అక్క రెండు కిడ్నీలూ ఆగిపోయాయి. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకుంటోంది, నాలుగు గంటలు ఆ మంచం మీద. రెండు నెలల కిందట నాది సరిపోతుందని తేలింది. కిడ్నీ డాక్టరు కాగితాలు తిరగేసి, మీ కిడ్నీ బంగారమమ్మా, దాని చుట్టూ ఉన్నదే ఎక్కువైంది అన్నాడు. ఆరు నెలల్లో తొంభై అయిదుకి దిగితే కోస్తాడు, దిగకపోతే కోయడు, నా ప్రాణం కూడా ఆయనకి లెక్కే. నిరుడు చదువుకున్న పుస్తకం మళ్లీ చదివి వినిపించినట్టు, ఏ తొణుకూ లేకుండా చెప్పాడు. అక్కది ఇంకో తిరకాసు. రక్తంలో సత్తువ నెలనెలా పడిపోతోంది, ఇలాగైతే ఆపరేషన్‌కి తట్టుకోలేదు, బాగా తినమనండి అని బావకి చెప్పాడు. ఆవిడ పెరగాలి, నేను తగ్గాలి. బావ లబోదిబోమంటాడు, పొద్దున్నే లేచి తనే వండి, పళ్లెంలో పెట్టి మరీ షిఫ్టుకి వెళ్తాడట, తిరిగొచ్చేసరికి పళ్లెం అద్దంలా ఉంటుందట, తిన్నది ఎటు పోతోందో దేవుడికే తెలియాలి అంటాడు. వాళ్ల గుమ్మంలో కాచుకునే వీధి కుక్క తప్ప ఎవరూ ఒళ్లు చేయడం లేదని ఒకసారి నవ్వబోయి ఏడ్చాడు.

ఈ గదిలో నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదు. బయట ఎంత సద్దుమణిగినా దూరంగా ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది, ఇక్కడ వినడానికి ఏమీ లేక చెవి లోపలికి తిరుగుతుంది. ముందు ఊపిరి, తర్వాత గుండె, తర్వాత మింగిన ఉమ్మి, తల తిప్పితే మెడలో ఎముకలు, ఇంకాసేపు కూర్చుంటే కనురెప్పలు కొట్టుకోవడం కూడా. కొత్తవాళ్లు హడలిపోతారు. ఒక ముసలాయన, ముప్పై ఏళ్లు ఇంజను పక్కన కూర్చుని బస్సు నడిపి కుడి చెవి పోగొట్టుకున్నవాడు, పరీక్ష మధ్యలో హెడ్‌ఫోన్లు తీసేసి అద్దం తట్టాడు. లోపల ఇంకెవరో ఉన్నారమ్మా అన్నాడు. మీ ఊపిరే తాతగారూ అంటే, నా ఊపిరి నాకు తెలియదా అని కోప్పడి, ఆ మిగతా పరీక్షంతా తలుపు తీసి ఉంచమన్నాడు. ఆ మాట చెప్పుకుని ఆ వారమంతా నవ్వుకున్నాం. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు, ఎందుకంటే నా ఎదురుగా ఎవరో నములుతున్నారు.

మొదట నా కడుపే అనుకున్నాను. కాని దాని గొడవ నాకు తెలుసు, అలిగిన అల్లుడిలా ఒకసారి గొణిగి, ఎవరూ బతిమాలకపోతే తనే ఊరుకుంటుంది. ఇది అది కాదు. నెమ్మదిగా పళ్లు పళ్లకి తగులుతున్నాయి, ఆగుతున్నాయి, ఒక గుటక, మళ్లీ పళ్లు. నా దవడ మీద చెయ్యి వేసి చూసుకున్నాను. కదలడం లేదు. నాలుక పొడిబారి అంగిలికి అంటుకుని ఉంది. చప్పుడు కుర్చీలోంచే వస్తోంది. మా పనిలో ఒక పద్ధతుంది. వినపడాలని బాగా ఆశపడేవాళ్లు మేం పంపని చప్పుడుకి కూడా బటన్ నొక్కేస్తారు, దాన్ని దొంగ నొక్కుడు అంటాం, అందుకే ఒక్కసారికి నమ్మం, అదే చప్పుడు మూడుసార్లు పంపి రెండుసార్లు నొక్కితేనే విన్నట్టు రాసుకుంటాం. సరే, నన్ను నేనే పరీక్ష చేసుకుందామని ఊపిరి బిగబట్టాను. వినిపించింది. చెవులు మూసుకుని, పది లెక్కపెట్టి, తెరిచాను. లేదు. హమ్మయ్య అనుకుని మళ్లీ మూసి, మళ్లీ తెరిచాను. నమలడం, ఆగడం, గుటక. మూడింట రెండు. పేషెంటైతే చార్టులో గుర్తు పెట్టేసేదాన్ని. లేచి తలుపు తోసుకుని పోదామనుకున్నాను, బయట ఉల్లిపాయలున్నాయని గుర్తొచ్చి ఆగిపోయాను. దెయ్యం కంటే తిండికి ఎక్కువ భయపడే ఘట్టం ఒకటి వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఖాళీ నోటితో నమిలే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకి పద్నాలుగు. నాన్న రెండు షిఫ్టులు చేసి, ఇంటికి వస్తే గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు. వంటింట్లో ఒక కిరసనాయిలు పొయ్యి, తెరుచుకోని ఒక కిటికీ, నేను, అక్క. నా ఎదురుగా మోకాళ్లు తగిలేలా కూర్చుని తినిపించేది. నేను నోరు తెరిస్తే తన నోరు తెరుచుకునేది, నేను నమిలితే తన దవడ కదిలేది, నేను మింగితే తన గొంతులో గుటక పడేది. పసిపిల్లలకు పెట్టేవాళ్లందరూ అంతేననుకోండి. కాని నేను పెద్దదాన్నై నా చేత్తో నేను తింటున్నా ఆవిడ దవడ ఆగలేదు. జ్వరమొస్తే తిను, పరీక్ష పోతే తిను, పిల్ల మరీ దిట్టంగా ఉందని సంబంధం వాళ్లు వెనక్కి పోతే ఆ సాయంత్రం ఇంకో గరిటె ఎక్కువే వేసింది. గుమ్మడీ అని పిలిచేది. నేను ఒళ్లు చేస్తున్నకొద్దీ ఆవిడ ముఖం వెలిగేది. వీధిలో ఆడవాళ్ల ముందు నన్ను నిలబెట్టి, చూడండి, తల్లి లేని పిల్లలా ఉందా అని అడిగేది. లేదు లేదు అనేవాళ్లు పాపం, ఎంత చూసినా అలా అనిపించేదాన్ని కాదు మరి.

పదకొండూ ఇరవై అయిదు. వేళ్ల చివర్లు చల్లబడ్డాయి. నీళ్లు తాగాను, కుర్చీలో కూడా ఎవరో నీళ్లు తాగిన చప్పుడైంది, అటు చూడలేదు. ఆకలి ముదిరితే లోపల అణచిపెట్టినవన్నీ పైకి తేలతాయి, నాకు అక్క మీద కోపంగా ఉంది. ఈ మాట ఇప్పటిదాకా నాతో నేను కూడా అనలేదు. ఈ నూట పదకొండులో ఎన్ని కిలోలు ఆవిడ చేతి చలవ? ఎక్కించింది ఆవిడే, ఇప్పుడు దించవలసిందీ ఆవిడ కోసమే. మెట్లెక్కితే మోకాళ్లు నావి నొప్పెట్టాయి, కుర్చీలు నాకు పట్టలేదు, బట్టల కొట్టువాడు మీ సైజు లేదండీ అని నా వెనకున్నవాళ్లకి వినపడేలా నాతో అన్నాడు. అయినా ఆవిడ పోతుందేమోనన్న తలపు రాగానే ఆ కోపం కాళ్లు విరిగి కూలబడుతుంది. ఆవిడ పోతే నన్ను తిన్నావా అని అడిగేవాళ్లు ఈ భూమ్మీద ఉండరు. రోజూ పొద్దున ఎనిమిదికి అడుగుతుంది. ఒళ్లు బాగాలేని దగ్గర్నుంచీ ఒంటరిగా తినబుద్ధి కావడం లేదని, ఫోను స్పీకర్లో పెట్టి, ఒకరి చెంచా చప్పుడు ఒకరికి వినిపించేలా ఇద్దరం కలిసి తినడం అలవాటు చేసింది. ఈ ఉపవాసం సంగతి చెబితే ఒప్పుకోదు, గోల చేస్తుంది, అందుకని నాలుగు రోజులుగా ఒక నాటకం ఆడుతున్నాను, ఖాళీ పళ్లెం ముందు పెట్టుకుని, మోగకుండా దాని మీద గుడ్డ పరిచి, చెంచాతో కొడుతూ గాలి నములుతున్నాను. నాకు తెలుసు కదా, పదార్థం ఉన్న పళ్లెం మోగదని. ఆ మాత్రం తెలివి ఈ ఉద్యోగం నేర్పింది.

ఎదురుగా నమలడం ఆగింది. అమ్మయ్య అనుకునేలోపే టింగ్ అంది. సన్నగా, దూరంగా, స్టీలు మీద స్టీలు. మళ్లీ టింగ్. కొంచెం ఆగి మళ్లీ.  గదిలో అలా మోగే వస్తువేదీ లేదు, నా చేతికి గాజులు కూడా లేవు, ఆకలికి గాజులు వదులై జారతాయని కాదు, బిగుతై ఎప్పుడో తీసేశాను. ఇదీ కుర్చీలోంచే వస్తోంది, ఒక మనిషి ఒళ్లో పళ్లెం పెట్టుకుని కూర్చుంటే ఎంత ఎత్తులో వస్తుందో సరిగ్గా అంత ఎత్తులో. భయమేసినప్పుడు నేను చేసే పని ఒకటే, కొలుస్తాను. తొందర లేదు, కాబట్టి నా చెయ్యి కాదు. మూడుసార్లు కొట్టి ఒకసారి ఆగుతోంది, ఆ ఆగడం నాకు తెలుసు, ఫోనులో రోజూ వింటున్నదే, అక్క మూడు చెంచాలు తిని ఒకసారి ఊపిరి తీసుకుంటుంది. అక్క చెంచా అది. నా చెవి ఎప్పుడో విని దాచిపెట్టుకున్నది, ఈ చీకట్లో ఇప్పుడు తీసి వినిపిస్తోంది. మనిషికి కనురెప్పలున్నాయి గాని చెవులకి రెప్పల్లేవు. సరే, అక్క చెంచాయే, దానికి భయమెందుకు అనుకున్నాను. అప్పుడు నాకు వినిపించింది.

మోగుతోంది. అక్క పళ్లెం మోగుతోంది. అందులో ఒక్క మెతుకున్నా అలా మోగదు. ఈ రెండు నెలలూ నేను ఫోను ముందు కూర్చుని నిజంగానే తిన్నాను, నా నమలడమే నా చెవుల నిండా ఉండి ఆవిడ వైపు ఏముందో వినలేదు, ఈ నాలుగు రోజులే నా నోరు ఖాళీగా ఉంది. అద్దంలాంటి పళ్లెం. ఒళ్లు చేసిన వీధి కుక్క. నెలనెలా పడిపోతున్న సత్తువ. అవన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి, ఇంత పెద్ద ఆసుపత్రిలో ఎవరికీ తట్టనిది, అక్క తన అన్నం కుక్కకి పెట్టేస్తోంది. అంతటితో ఆగితే బాగుండేది. కాని చప్పుడు ఆగలేదు, పాతబడింది, స్టీలు పోయి సత్తు పళ్లెం అయింది, కిరసనాయిలు వాసన వచ్చింది. నా కడుపు నిండాక అక్క నన్ను గోడకి ఇవతల చాప మీద పడుకోబెట్టి, ఇక నేను తింటాను, నువ్వు కళ్లు మూసుకో అనేది. గోడ అవతల చెంచా టింగు టింగుమనేది. అక్క తింటోందని నిశ్చింతగా నిద్రపోయేదాన్ని. ఏళ్ల తరబడి నా జోలపాట అదే. నా పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను, మడతలు వెచ్చగా ఉన్నాయి, మొదటిసారి అది నా ఒళ్లులా తోచలేదు. ఎవరో పద్నాలుగేళ్ల పిల్ల తినవలసిందంతా ఇక్కడ పోగుపడి ఉంది, నేను దాన్ని మోసుకుని తిరుగుతున్నాను. తల ఎత్తి చూశాను. కుర్చీ సీటు మీద వెలుతురు పడ్డచోట మెత్త కొద్దికొద్దిగా పైకి లేస్తోంది, ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టు.

రెండు తలుపులూ ఎలా తీశానో తెలియదు. ఆసుపత్రి మొత్తం ఒక్కసారిగా చెవుల్లో పడింది, ట్రాలీలు, చెప్పులు, ఎవరి పాపో ఏడుపు. పదకొండూ యాభై. సొరుగు లాగి ఫోను చేశాను. రెండో మోతకే ఎత్తింది, ఇంట్లో ఒక్కతే ఉంది, ఈ వేళప్పుడు ఏంటే అంది.

"తిన్నావా?" అన్నాను.

"ఎప్పుడో తిన్నా. నీతోపాటే కదా."

"నీ పళ్లెం మోగింది అక్కా."

అవతల ఫ్రిజ్ గురగురమంటోంది.  అక్క అతి మామూలుగా, కొత్తిమీర ఉందా అని అడిగినంత మామూలుగా, "నీది ఆఖరిదాకా ఒక్కసారీ మోగలేదు, గుడ్డ పరిచావా?" అంది.

మొదటి రోజే తెలిసిపోయిందట. ఆ చప్పుడు కనిపెట్టిందే నేను, నాకే వినిపిస్తావా అంది. బావని గదమాయిస్తే నా బరువు సంగతీ, డాక్టరు షరతూ కక్కేశాడట. నా కిడ్నీ సరిపోతుందని తేలిన నాటి నుంచీ తనెందుకు తినడం మానేసిందో నేను అడగలేదు, అడిగితే చెబుతుందని భయం, అయినా చెప్పింది, గొంతులో తడి లేకుండా. "నువ్వు తగ్గితే నిన్ను కోస్తారు. నేను తినకపోతే కోయరు. నాకు చేతనైంది నేను చేస్తున్నా, నువ్వు ఫోన్ పెట్టెయ్." నిన్ను పెంచింది ముక్కలు చేయించుకోవడానికి కాదు అని కూడా అంది. రెండు నెలలుగా రోజూ నాతో నవ్వుతూ మాట్లాడుతూ, అవతల నెమ్మదిగా చచ్చిపోతోంది. 

ఏడుద్దామనుకున్నాను, కోపం ముందొచ్చింది. నాలుగు రోజులుగా దాచుకున్న కోపమంతా ఒక్క చోట ఉంది. "చిన్నప్పుడు నీ వాటా కూడా నాకే పెట్టావు. అది నా ఒంటి మీదే ఉంది. వెనక్కి తీసుకో" అన్నాను. వాటా ఏంటే, అది నా ఇష్టం అంది. అయితే ఇది నా ఇష్టం అన్నాను. నా ముందు డబ్బా ఉంది, రెండు ఉడికిన గుడ్లు, కూరగాయ ముక్కలు, రొట్టె, అన్నీ ఉన్నాయి, పన్నెండు కావస్తోంది, నువ్వు తిన్నాక గాని నేను మూత తియ్యను, ఈ పన్నెండే కాదు, రేపటి పన్నెండైనా సరే, చేతులు ఇప్పటికే వణుకుతున్నాయి చూడు అన్నాను. ఫోనులో ఎలా చూస్తుంది, అయినా అన్నాను. ఎవరి పెంపకమో ఆవిడకి తెలుసు, నేను అన్నంత పనీ చేస్తానని కూడా తెలుసు. బెదిరిస్తున్నావా అంది. అవునన్నాను.

పన్నెండైంది. ముల్లు దాటిపోయింది. క్యాంటీన్లో గిన్నెల మోత మొదలైంది, వరండాలో జనం డబ్బాలు విప్పుతున్నారు. ఇంజనీరు వచ్చి తలుపు దగ్గర నిలబడితే ఆగమని చెయ్యి చూపించాను. ఫోను చెవికి అదుముకున్నాను. అవతల కుర్చీ జరిగింది, అడుగులు, మూత తీసిన చప్పుడు, మళ్లీ కుర్చీ. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంత చెవి ఒగ్గినా ఏమీ లేదు. నిండు పళ్లెంలో దిగిన చెంచాకి చప్పుడుండదు, ఊరికే కూర్చున్న మనిషికీ చప్పుడుండదు, పదకొండేళ్లుగా ఊరందరి చెవులూ కొలిచినదాన్ని, ఆ రెంటికీ తేడా నాకు అందలేదు. అక్కా అని పిలిచాను.  మళ్లీ పిలవడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు ఒక దగ్గు, పొలమారిన దగ్గు.

"దీనికి ఉప్పూ లేదు పాడూ లేదు, ఎలా వండాడే మీ బావ," అంది అక్క, నోరు నిండా మెతుకులతో.

"ఇంకో ముద్ద," అన్నాను.